చిన్న ట్యాంకు, పెద్ద రొద

రిమోట్‌తో నడిచే మోడల్ ట్యాంకును కొనేవాళ్లలో చాలామంది దాని రూపం కన్నా దాని చప్పుడుకే మనసు పారేసుకుంటారు. అసలు ట్యాంకులో పదహారో వంతు కొలత, మూరెడు పైచిలుకు పొడవు, మూడు నాలుగు కిలోల బరువు. లోపల ఒక చిన్న స్పీకరు. స్విచ్ వేయగానే ఇంజను అందుకున్న చప్పుడు వస్తుంది, ఆ తర్వాత బరువైన గురగుర మొదలవుతుంది. అంతవరకూ ఆనందమే. బండిని కదిలించగానే ఆ ఇంజను గొంతు మునిగిపోతుంది. దాని మీదుగా కీచుమనే రొద ఒకటి, గరగరమనే రొద ఒకటి లేస్తాయి. పెరట్లో నడిపితే పక్కింటివాళ్లు గోడ మీది నుంచి తొంగి చూస్తారు. ఆ రొదంతా గేర్‌బాక్సుది.

దీనికి అందరూ చెప్పే మందు ఒకటే, గ్రీజు దట్టించమని. దట్టిస్తే రెండు రోజులు తగ్గుతుంది, మూడో రోజు మళ్లీ మొదలవుతుంది. లోపల ఏదో ఒక భాగం ఉండాల్సిన చోట లేదని గేర్‌బాక్సు చెబుతూనే ఉంటుంది. ఆ మాట వినకుండా గ్రీజు పూస్తే గొంతు కాసేపు మూగబోతుంది, అరుగుదల మాత్రం ఆగదు. అందుకే ముందు వినాలి, తర్వాత విప్పాలి, గ్రీజు అన్నిటికన్నా చివర. ఈ పూట చెప్పుకునేదంతా ఈ వరస గురించే.

మోడల్ ట్యాంకులు అనగానే ముందుగా వినిపించే పేరు జపాన్‌లోని షిజువోకా పట్టణానికి చెందిన తమియా. 1946లో కలప కోత మిల్లుగా మొదలైన సంస్థ అది. చెక్క బొమ్మల కిట్లు చేసింది, ఆపైన ప్లాస్టిక్‌లోకి దిగింది. 1960ల మొదట్లో మోటారుతో నడిచే పాంథర్ ట్యాంకు కిట్ ఒకటి తెచ్చింది. దాని కొలతను ఏ లెక్క ప్రకారమూ పెట్టలేదు. లోపల మోటారు, గేర్‌బాక్సు, బ్యాటరీలు పట్టేంత చోటు చూసుకుని పెట్టె తయారుచేశారు. కొలిస్తే అసలు ట్యాంకులో 35వ వంతు తేలింది. ఈరోజు ప్రపంచమంతటా సైనిక మోడళ్లకు వాడుకలో ఉన్న 1/35 కొలత అలా గేర్‌బాక్సు పుణ్యమా అని పుట్టింది. తర్వాత రేడియోతో నడిచే 1/16 ట్యాంకులు వచ్చాయి. చైనాకు చెందిన హెంగ్ లాంగ్ వాటిని తక్కువ ధరకు తేవడంతో మామూలు ఉద్యోగులకూ విద్యార్థులకూ అందుబాటులోకి వచ్చాయి. రొద గురించి ఫిర్యాదు ఎక్కువగా వచ్చేది కూడా ఈ చౌక రకాల మీదే. ధర తగ్గినప్పుడు ముందుగా కోత పడేది కంటికి కనపడని చోటే కదా. పైన రంగు బాగుంటుంది, పెట్టె లోపల గేరు పళ్ల అంచులు గరుకుగా ఉంటాయి.

ఇంత చిన్న పెట్టెలోంచి అంత రొద ఎలా వస్తుంది?

మోటారు చిన్నది, దాని వేగం చిన్నది కాదు. నిమిషానికి 12,000 చుట్లు తిరుగుతోందని అనుకుందాం. సెకనుకు 200 చుట్లు. దాని ఇరుసు కొసన ఉన్న చిన్న గేరును పినియన్ అంటారు. దానికి పది పళ్లుంటే, ఒక్క సెకనులో పన్నును పన్ను తాకేది 2,000 సార్లు. చెవికి అది సెకనుకు రెండు వేల కంపనాల కూత. మనిషి చెవి అతి చురుగ్గా పట్టుకునేవి సెకనుకు రెండు వేల నుంచి అయిదు వేల కంపనాల మధ్య ఉండే చప్పుళ్లు. మోడల్ ట్యాంకు మొదటి జత గేర్లు సరిగ్గా ఆ చోటనే కూస్తాయన్నమాట. తక్కువ చప్పుడే చేసినా ఎక్కువగా గుచ్చుకుంటుంది.

ఈ లెక్కను ఇంకాస్త ముందుకు నడిపితే ఉపయోగం ఉంది. పినియన్ 40 పళ్ల గేరును తిప్పితే వేగం నాలుగో వంతుకు పడుతుంది, సెకనుకు 50 చుట్లు. అదే ఇరుసు మీదున్న పది పళ్ల చిన్న గేరు తర్వాతి జతను తిప్పుతుంది. అక్కడ చప్పుడు 500. అదే లెక్కన మూడో జత దగ్గర 125. అంటే ఒక్కో జతకు ఒక్కో శ్రుతి ఉంది. సన్నటి కూత వస్తే మొదటి జతను అనుమానించాలి, నడిమి మోత వస్తే రెండో జతను, బొంగురుగా గరగరమంటే చివరి జతను. సమంగా సాగే చప్పుడు మధ్యలో టక్, టక్ అని లెక్కగా పడుతుంటే ఏదో ఒక పన్ను చెడిందని అర్థం. అదీ కాకుండా చప్పుడు పెరుగుతూ తగ్గుతూ ఊగుతుంటే, ఆ గేరు తన ఇరుసు మీద నడిమధ్యలో లేదు, పక్కకు జరిగి తిరుగుతోంది. పెట్టె విప్పకముందే చెవికి ఇంత సమాచారం దొరుకుతుంది.

పళ్ల ఆకారం సంగతి 18వ శతాబ్దంలోనే తేలింది. లియొనార్డ్ ఆయిలర్ అనే గణితవేత్త గేరు పన్నుకు ఇన్‌వల్యూట్ అనే వంపును సూచించాడు. చక్రానికి చుట్టిన దారాన్ని బిగువుగా పట్టుకుని విప్పుతూ పోతే దాని కొస గీసే గీత అది. ఆ వంపుతో పళ్లు కోస్తే రెండు గేర్ల మధ్య దూరం వెంట్రుకవాసి అటూ ఇటూ అయినా వేగం మాత్రం నిలకడగా అందుతుంది. గేర్ల కోతలో చాలా భాగం ఈనాటికీ ఆ వంపుతోనే నడుస్తోంది. అయితే కాగితం మీద గీసిన వంపు వేరు, అచ్చులో పోసి తీసిన పన్ను వేరు. గీసినదానికీ చేసినదానికీ ఉన్న తేడా ఎంతో, రొద అంత.

నిలువు పళ్ల గేరు గోల ఎలా ఉంటుందో తెలియనివాళ్లుండరు. నల్లగొండ బస్టాండులోనో జడ్చర్లలోనో ప్లాట్‌ఫారం నుంచి పాత ఆర్టీసీ బస్సు వెనక్కి వస్తున్నప్పుడు చెవి పెడితే చాలు. ముందుకు పోయేటప్పుడు లేని కూత వెనక్కి వచ్చేటప్పుడు వినిపిస్తుంది. ముందుకు నడిపే గేర్లకు పళ్లు వాలుగా కోసి ఉంటాయి. ఒక పన్ను పూర్తిగా వదలకముందే ఇంకో పన్ను అందుకుంటుంది కాబట్టి దెబ్బ తగలదు. రివర్స్ గేరుకు చాలా బండ్లలో నిలువు పళ్లే పెడతారు. అవి వెడల్పంతా ఒక్కసారే తాకుతాయి, ఒక్కసారే వదులుతాయి. మోడల్ ట్యాంకులో అన్నీ నిలువు పళ్లే. వాలుపళ్లు కోయడం ఖర్చు, పైగా అవి తిరుగుతూ ఇరుసును ఒక పక్కకు నెడతాయి. ఆ నెట్టుడును ఆపే ఏర్పాటు రేకు పెట్టెలో ఉండదు.

ఆ నెట్టుడుకు అసలు ట్యాంకులవాళ్లు వాడుకున్న విరుగుడు తెలంగాణ నేల మీద నడిచి వెళ్లింది. 1948 సెప్టెంబర్ 13న హైదరాబాద్ సంస్థానం మీద ఆపరేషన్ పోలో మొదలైనప్పుడు విజయవాడ వైపు నుంచి వచ్చిన భారత సేన కోదాడ, మునగాల, సూర్యాపేట దారి పట్టింది. ఎదురు నిలిచిన నిజాం సేనలోని హైదరాబాద్ లాన్సర్స్ దగ్గర హంబర్, స్టాగ్‌హౌండ్ ఆర్మర్డ్ కార్లున్నాయి. వెనక్కి తగ్గుతూ మూసీ మీది వంతెనను పేల్చివేశారు. పడమట షోలాపూర్ దారిలో మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురి నడిపిన ప్రధాన దళంలో షెర్మన్, స్టూవర్ట్ ట్యాంకులు వచ్చాయి. నాలుగైదు రోజుల్లోనే, సెప్టెంబర్ 17న, నిజాం లొంగిపోయాడు. ఇవాళ 1/16 కొలతలో ఎక్కువగా అమ్ముడయ్యే వాటిలో ఆ షెర్మన్ ఒకటి.

అసలు షెర్మన్‌లో పట్టాను లాగే స్ప్రాకెట్ దగ్గరి చివరి గేర్లు హెరింగ్‌బోన్ రకం. ఒక పక్క పళ్లు ఇటు వాలితే రెండో పక్క పళ్లు అటు వాలి, నడుమ బాణం మొన ఆకారంలో కలుస్తాయి. ఒక వాలు ఇటు నెడితే ఇంకో వాలు అటు నెడుతుంది, రెండూ చెల్లుకు చెల్లు. చప్పుడూ తక్కువ, బలమూ ఎక్కువ. సిట్రోయెన్ కారు ముందు కనిపించే రెండు బాణం గుర్తులు కూడా ఈ పళ్లవే. కార్ల కంటే ముందు ఆంద్రే సిట్రోయెన్ చేసిన వ్యాపారం ఈ గేర్లే. జర్మనీ పాంథర్‌కు మాత్రం చివరి గేర్లలో నిలువు పళ్లే పెట్టారు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో మెరుగైన గేర్లు కోసే యంత్రాలు సరిపోలేదు. యుద్ధం ముగిశాక కొన్ని పాంథర్లను వాడి చూసిన ఫ్రెంచి సైన్యం 1947 నాటి నివేదికలో, వాటి చివరి గేర్ల సగటు ఆయుష్షు 150 కిలోమీటర్లేనని రాసింది. నల్లగొండ నుంచి హైదరాబాద్ పోయి తిరిగి వచ్చే దారంత కూడా లేదు.

ఇక మోడల్ దగ్గరికి వద్దాం. రొద ఎక్కడిదో తేల్చడానికి మొదటి పని, చప్పుళ్లను విడదీయడం. బండి నేల మీద నడుస్తున్నప్పుడు వినిపించేది గేర్‌బాక్సు ఒక్కటే కాదు. పట్టా లింకులు స్ప్రాకెట్ పళ్ల మీద ఎక్కి దిగుతాయి, చక్రాలు గలగలమంటాయి, అడుగు పెట్టె అదురుతుంది. కాబట్టి ముందు బండిని ఒక పుస్తకాల దొంతి మీద ఎత్తి పెట్టి పట్టాలు గాలిలో తిప్పి వినాలి. తర్వాత పట్టాలు తీసేసి వినాలి. అప్పటికీ రొద అలాగే ఉంటే గేర్‌బాక్సును బయటికి తీసి, చేతిలో పట్టుకుని, బ్యాటరీ తగిలించి వినాలి. ఆఖరికి మోటారును కూడా విడదీసి ఒంటరిగా తిప్పాలి. ఒక్కో మెట్టు దగ్గర ఏ చప్పుడు పోయిందో, ఏది మిగిలిందో రాసుకుంటే దోషం ఎక్కడుందో దానంతట అదే బయటపడుతుంది. చాలాసార్లు పట్టాలు మరీ బిగువుగా ఉండటమే అసలు కారణం. ఆ బిగువు చివరి ఇరుసును పక్కకు లాగి గేరును వంకరగా నిలబెడుతుంది. స్ప్రాకెట్‌కు ఎదురు కొసన ఉండే చక్రాన్ని కాస్త వదులు చేస్తే సగం గోల పోతుంది, పెట్టె విప్పే పనే ఉండదు.

లారీ మెకానిక్కులకు ఈ విద్య బాగా తెలుసు. చౌటుప్పల్ నుంచి సూర్యాపేట దాకా జాతీయ రహదారి పక్కన ఉన్న షెడ్లలో, మిర్యాలగూడ రైసు మిల్లుల్లో, పొడవాటి స్క్రూడ్రైవరు మొనను గేర్‌బాక్సు మీద ఆనించి, పిడిని చెవి దగ్గర పెట్టుకుని వినే మనిషి కనిపిస్తాడు. ఏ బేరింగు పోయిందో పెట్టె విప్పకుండానే చెబుతాడు. ఇనుము గుండా చప్పుడు గాలిలో కన్నా తేటగా వస్తుంది. మోడల్ గేర్‌బాక్సుకు అంత పెద్ద పనిముట్టు అక్కర్లేదు, ఒక పెన్సిలు చాలు. ఒక కొస ఇరుసు పక్కన, ఇంకో కొస చెవి దగ్గర. ఏ ఇరుసు దగ్గర ఎక్కువగా అరుస్తోందో నిమిషంలో తెలుస్తుంది. ఫోనులో శ్రుతి కొలిచే యాప్ పెట్టుకుంటే ఇందాక చెప్పుకున్న 2,000, 500, 125 లెక్క కంటికి కూడా కనిపిస్తుంది.

యంత్రాన్ని ఇలా కదలికలుగా విడదీసి, ఒక్కొక్క కదలిక సంగతి తేల్చుకుంటూ పోయిన మనిషి ఉమ్మడి నల్లగొండ జిల్లాలోనే ఉన్నారు. ఆలేరు దగ్గరి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం. పోచంపల్లి చీరకు రంగు అద్దకముందు నూలును ఆసు పోయాలి. అర్ధచంద్రాకారంలో నాటిన మేకుల చుట్టూ దారాన్ని చేత్తో తిప్పుతూ పోవాలి. ఒక్క చీరకు చెయ్యి దాదాపు 9,000 సార్లు అటూ ఇటూ ఆడాలి. నాలుగైదు గంటల పని. తల్లి లక్ష్మి భుజం నొప్పితో ఆ పని చేయడం చూసి, ఆరో తరగతితో బడి మానేసిన మల్లేశం 1992లో యంత్రం పని మొదలుపెట్టారు. దారాన్ని ముందుకు వెనక్కి నడిపే కదలిక ఒకటి, మేకు దగ్గర పైకి కిందికి లేపే కదలిక ఒకటి, ఒక మేకు అయ్యాక తర్వాతి మేకుకు జరిపే కదలిక ఇంకొకటి. ఒకటి కుదిరితే ఇంకొకటి కుదరలేదు. చివరి కదలిక ఏళ్ల తరబడి చిక్కలేదు. 1999లో హైదరాబాద్ బాలానగర్‌లో కరెంటు పనికి పోయినప్పుడు అక్కడ ఒక యంత్రం ఆడుతున్న తీరు చూసి ఆ చిక్కుముడి విప్పారు. తల్లి పేరుతో అది లక్ష్మీ ఆసు యంత్రం అయింది. నాలుగైదు గంటల పని గంటన్నరకు వచ్చింది. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది, 2019లో ఆయన కథ సినిమాగా వచ్చింది. ఆయన చేసింది మోడల్ ట్యాంకు కాదు, జీవనాధారం. కానీ చిన్న ఇరుసులతో, చిన్న మోటార్లతో కుస్తీ పట్టే ప్రతివాళ్లూ ఆయన దగ్గర నేర్చుకోవాల్సింది ఆ ఓపికే. మొత్తం యంత్రంతో ఒకేసారి తలపడకుండా, చెడిన కదలిక ఏదో ఒక్కటి పట్టుకోవడం.

సరే, గేర్‌బాక్సు విప్పాల్సిందే అని తేలింది. తెల్లటి పాత బట్ట ఒకటి పరిచి దాని మీద విప్పాలి. నల్లటి వాషరు తెల్లటి గుడ్డ మీద దాక్కోలేదు. మూత తీయగానే ఫోను కెమెరాతో ఒక బొమ్మ తీసి పెట్టుకుంటే, తిరిగి బిగించేటప్పుడు ఏ గేరు ఏ ముఖం పెట్టి కూర్చుందో వెతుక్కునే పని తప్పుతుంది.

చౌక గేర్‌బాక్సులో కనిపించే దృశ్యం సాధారణంగా ఇలా ఉంటుంది. గ్రీజు ఒక మూల ముద్దగా పడి ఉంటుంది, పళ్ల మీద మాత్రం పొడి. గేరు గట్టి గ్రీజులో తిరిగినప్పుడు దాన్ని పక్కకు దున్నేసి తన దారి తను చేసుకుంటుంది, మళ్లీ ఆ గ్రీజు పళ్ల దగ్గరికి రాదు. చక్రాల బేరింగుకు వాడే లారీ గ్రీజు దట్టించినా ప్రయోజనం లేకపోవడానికి ఇదే కారణం. గేరును తుడిచి, వెలుతురుకు ఎదురుగా పట్టుకుని, గోటితో పన్ను అంచును తడమాలి. గోరు పట్టేసిన చోట సన్నటి ఇనుప పొర లేచి ఉంటుంది. కోసినప్పుడు మిగిలిపోయిన బర్రు అది. సన్న ఆకురాయితో రెండు దెబ్బలు, ఆపైన 600 నంబరు ఎమరీ కాగితంతో ఒక రుద్దు. పన్ను ముఖం జోలికి పోకూడదు, అంచు మాత్రమే. ముఖాన్ని రుద్దితే ఆయిలర్ వంపు పాడవుతుంది.

ఆ తర్వాత ఇరుసును రెండు వేళ్లతో పట్టుకుని అటూ ఇటూ లాగి చూడాలి. ఎంత కదులుతోంది? అర మిల్లీమీటరు కదిలితే ఎక్కువే. గేరు తిరుగుతూ పక్కకు జరిగి పెట్టె గోడను గీరుతుంది, ఆ గీకుడే సగం గరగర. దీనికి పలచటి షిమ్ వాషర్లు దొరుకుతాయి, పది వంతుల్లో ఒక వంతు మిల్లీమీటరు మందం నుంచి. సికింద్రాబాద్ రాణిగంజ్‌లో బేరింగులు, హార్డ్‌వేరు అమ్మే దుకాణాల్లో ఇరుసు కొలత చెబితే వెతికి ఇస్తారు. ఒకటి వేసి తిప్పి చూడాలి, చాలకపోతే ఇంకొకటి. ఇరుసు స్వేచ్ఛగా తిరగాలి, పక్కకు మాత్రం పేపరు మందాన్ని మించి జరగకూడదు. ఎక్కువ బిగిస్తే మోటారు వేడెక్కి బ్యాటరీ తొందరగా అయిపోతుంది.

అన్నిటికన్నా ముఖ్యమైన సర్దుబాటు మోటారుది. మోటారును పట్టి ఉంచే రెండు స్క్రూలు కాస్త వదులు చేస్తే అది గేరు వైపుకు జరుగుతుంది, దూరమూ జరుగుతుంది. మరీ దగ్గరైతే పళ్లు ఒకదాన్నొకటి కొరికి ఏడుస్తాయి, మరీ దూరమైతే కొట్టుకుని గలగలమంటాయి. నోటుబుక్కు కాగితం ముక్క ఒకటి సన్నగా కత్తిరించి, పినియన్‌కూ పెద్ద గేరుకూ మధ్య పెట్టి, మోటారును ఆనించి స్క్రూలు బిగించాలి. చేత్తో తిప్పితే కాగితం మడతలు మడతలుగా బయటికి వస్తుంది. మడతలు పడి చిరగకుండా వస్తే సందు కుదిరినట్టు, కోసుకుపోతే బిగువెక్కువ. ఇది ఒక్క చోట చూసి ఊరుకోకూడదు. గేరు నడిమధ్యలో లేనప్పుడు ఒక పక్క బిగువుగా, ఇంకో పక్క వదులుగా వస్తుంది. అందుకని పెద్ద గేరును పావు చుట్టు, పావు చుట్టు తిప్పుతూ నాలుగు చోట్ల చూసి, అన్నిటికన్నా బిగువైన చోట కాగితం పట్టేలా బిగించాలి. ఇంత చిన్న పని చేసే మేలు ఖరీదైన విడిభాగాలు కూడా చేయవు.

ఖరీదైన విడిభాగాలంటే బాల్ బేరింగులు, ఉక్కు గేర్లు. ఇరుసు కొసలు తిరిగే బుష్‌లు అరిగి అది ఊగుతుంటే బాల్ బేరింగులు వేయాల్సిందే, అనుమానం లేదు. కానీ బేరింగు వేస్తేనే రొద పోతుందనుకుంటే పొరపాటు. నూనె పీల్చుకున్న కంచు బుష్ అదురును కొంత మింగుతుంది, బాల్ బేరింగు దాన్ని నేరుగా పెట్టె గోడకు చేరవేస్తుంది. ఉక్కు గేర్లు బలంలో మేటి, చప్పుడులోనూ మేటి. ఇనుప పట్టాల బరువు బండికి ఉక్కు గేర్లు తప్పవు. ప్లాస్టిక్ పట్టాల తేలిక బండికి నైలాన్ గేర్లే మంచివని, వాటిని తీసేసి ఉక్కు గేర్లు వేయించుకోవడం డబ్బిచ్చి గోల కొనుక్కోవడమేనని ఈ ప్రసంగం అభిప్రాయం. నైలాన్‌తో ఒక్క జాగ్రత్త. అది వేడికి ఉబ్బుతుంది, తేమనూ పీలుస్తుంది. ఎండాకాలంలో కుదిరిన సందు వానాకాలంలో బిగుసుకుపోవచ్చు.

ఉక్కు గేర్లు ఉన్నవాళ్లు పళ్లను ఒకదానితో ఒకటి సానపెట్టించడం ఒక పద్ధతి. టూత్‌పేస్టో, ఇత్తడి మెరుగుపెట్టే పాలిష్షో పళ్లకు పూసి, తక్కువ వోల్టేజి మీద కొద్దిసేపు ముందుకూ కొద్దిసేపు వెనక్కూ తిప్పుతారు. గరుకు పోతుంది, చప్పుడు మెత్తబడుతుంది. ఆ పూతను మొత్తం కడిగెయ్యాలి. ఒక్క చుక్క బుష్‌లో మిగిలినా అది అరగదీస్తూనే ఉంటుంది. బాల్ బేరింగులు ఉంటే ఈ పని జోలికే పోవద్దు. కడగడానికి ఇనుప భాగాలకు కిరోసిన్ సరిపోతుంది. ప్లాస్టిక్ పెట్టెకు పెట్రోలు, థిన్నరు తగలనివ్వకూడదు, పగుళ్లు పడతాయి. దానికి సబ్బునీళ్లు, పాత టూత్‌బ్రష్షు.

ఇప్పుడు గ్రీజు. ఇనుము మీద ఇనుము తిరిగే చోట లిథియం గ్రీజు, ప్లాస్టిక్ ఉన్న చోట సిలికాన్ గ్రీజు. సిలికాన్ గ్రీజు ప్లాస్టిక్‌ను దెబ్బతీయదు కానీ ఇనుము మీద ఇనుము రాపిడిని తట్టుకునే సత్తువ దానికి లేదు. పళ్ల మీద సన్నటి పూత చాలు, బ్రష్షుతో పూయాలి. ఇరుసు బుష్ దగ్గర ఒక చుక్క పలచటి నూనె. నల్లగొండ, పాలమూరు ఎండలో కారు డిక్కీలో పెట్టిన బండిలో గ్రీజు పలచబడి దాని నూనె కారిపోతుంది. ఎండాకాలం ఆటకు కాస్త చిక్కటి రకం మేలు.

మన నేల సంగతి కూడా చెప్పుకోవాలి. పాలమూరు చెల్క నేల ఎర్రటిది, గ్రానైటు రాయి శిథిలమై ఏర్పడింది. ఆ దుమ్ములో మెరిసే రేణువులు క్వార్ట్జ్. మామూలు ఇనుము కన్నా గట్టివి. గ్రీజు పూసిన గేర్‌బాక్సులోకి ఆ దుమ్ము చేరితే గ్రీజంతా సానపెట్టే ముద్ద అయిపోతుంది. ఇందాక కావాలని చేసిన పని ఇక్కడ అక్కర్లేకుండా జరుగుతుంది, ఆగకుండా జరుగుతుంది. చెల్కలో, కంకర దారిలో నడిపేవాళ్లు గేర్‌బాక్సు చీలికలను టేపుతో మూయాలి, ఇరుసు బయటికి వచ్చే చోట ఫెల్టు ముక్క రింగులా కత్తిరించి తొడగాలి. ఇంటి గచ్చు మీద, సిమెంటు మెట్ల మీద నడిపేవాళ్లకు ఈ బెడద లేదు.

ఇన్ని చేసినా కొంత చప్పుడు మిగులుతుంది. అప్పుడు చూడాల్సింది ట్యాంకు అడుగు పెట్టె. గేర్‌బాక్సును స్క్రూలతో నేరుగా దానికి బిగించినప్పుడు ఆ డొల్ల పెట్టె తంబూరా కుండలా పనిచేస్తుంది, చిన్న అదురును పెద్ద నాదం చేస్తుంది. పాత సైకిల్ ట్యూబు నుంచి వాషర్లు కత్తిరించి స్క్రూల కింద, గేర్‌బాక్సు కింద వేస్తే అదురు తెగుతుంది. రబ్బరు మందం రెండు పక్కలా ఒక్కటిగా ఉండాలి. లేకపోతే స్ప్రాకెట్ వంకరపోయి పట్టా ఊడుతుంది. అడుగున ఖాళీ చోట్ల పలచటి నురుగు షీటు అతికించవచ్చు. స్పీకరు వెనక మాత్రం అతికించవద్దు, ఇంజను గొంతు కూడా పోతుంది. స్పీకరుకు విడిగా ఒక చిన్న మూసిన డబ్బా కట్టి ఇస్తే ఆ గొంతు ఇంకా బరువుగా పలుకుతుంది.

ఒక్కోసారి గేరుకు సంబంధమే లేని కూత ఒకటి ఉంటుంది. బండి కదలనంత కొద్దిగా రిమోట్ కర్రను నెట్టి చూడాలి. పళ్లు తిరగకుండానే సన్నటి కూత వస్తే అది కరెంటుది. వేగాన్ని అదుపు చేసే బోర్డు మోటారుకు కరెంటును ముక్కలు ముక్కలుగా పంపుతుంది. సెకనుకు వెయ్యి, రెండు వేల ముక్కలైతే మోటారు ఆ శ్రుతిలో పాడుతుంది. ఇరవై వేలు దాటితే మనిషి చెవికి అందదు. కొన్ని బోర్డుల్లో ఆ సంఖ్య మార్చుకునే వీలుంటుంది. లేకపోతే బోర్డు మార్చడమే దారి. కోఠి గుజరాతీ గల్లీలో ఎలక్ట్రానిక్స్ సామాను అమ్మే దుకాణాల్లో ఇలాంటి బోర్డుల గురించి అడిగి చూడవచ్చు. మోటారు సామర్థ్యం చెప్పి, అది లాగే కరెంటుకు తగ్గదే తీసుకోవాలి.

అంతా బిగించాక మొదటి రోజే బండిని వేగంగా తోలకూడదు. సగం వేగంతో ఓ పది నిమిషాలు ముందుకు, ఓ పది నిమిషాలు వెనక్కి తిప్పి చల్లారనివ్వాలి. ఓ గంట ఆట అయ్యాక మూత ఒక్కసారి తీసి గ్రీజు రంగు చూడాలి. లేత బూడిదరంగులోకి మారితే పళ్లు ఒకదానికొకటి సర్దుకుంటున్నాయి, తుడిచి కొత్తది పూస్తే చాలు. నల్లగా, వేళ్ల మధ్య ఇసుకలా తగిలితే దుమ్ము చేరింది, మొత్తం కడగాలి. పచ్చటి కంచు పొడి మెరిస్తే అరుగుతున్నది గేరు కాదు, బుష్. అప్పుడు ఆ ఇరుసు తిన్నగా నిలబడిందో లేదో గాజు పలక మీద దొర్లించి చూడాలి. కొస పైకీ కిందికీ ఊగితే ఇరుసు వంగింది. దాన్ని సరిచేయడానికి సుత్తి ఎత్తకుండా, అదే మందం ఉక్కు కడ్డీని లేత్ షాపులో కోయించి వేయడం మేలు.